గ్రే వీధిలోని తెలుగు పుస్తకాల అర



ఈ ప్రత్యేక సంచికకు మన పూర్వుల చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదిగా సంఘం వారు మమ్ములను కోరినారు. చరిత్ర అనగానే మీరందరు ఓడ కథ కోసం ఎదురుచూస్తారని మాకు తెలుసు. 1860 నవంబరు 16వ తేదీన మదరాసు నుండి 'ట్రూరో' అనే ఓడ డర్బను రేవు చేరినది. 1911తో ఒప్పందపు కూలీల రాక ఆగినది. ఆ నడుమ 1,52,000 మందికి పైగా నెటాలు చెరకు తోటలకు వచ్చినారు. ఇవన్నీ మీకు కంఠస్థమే. ఇదివరకటి సంచికలలో మాకంటె బాగా వ్రాసినవారు ఉన్నారు. అందుచేత ఈసారి మేము ఓడను వదిలి ఒక దుకాణమును గూర్చి వ్రాయుచున్నాము. 2020 డిశంబరులో మూతబడిన ఒక చిన్న పుస్తకాల దుకాణము. దాని తలుపు మూసిన రోజున మేము అక్కడనే ఉన్నాము.

ముందుగా ఒక మనవి. మా తెలుగు సాయంకాలపు తెలుగు. పగలంతా బడిలో ఇంగ్లీషులో లెక్కలు చెప్పి, సాయంకాలం గుడి వెనుక గదిలో పెద్దల వద్ద కూర్చుని నేర్చుకొన్నది. తప్పులుంటే మన్నించగలరు. ఆ దుకాణమువారి పేరు కూడ వ్రాయడం లేదు. ఆ యజమాని కుమార్తె, "నాయన పేరు ఎక్కడా వేయించవద్దు, ఆయనకు నచ్చేది కాదు" అని కోరినది. డర్బనులో పెరిగినవారికి చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ నాటి పిల్లలకు డాక్టర్ యూసఫ్ దాదూ వీధి అంటేనే తెలుస్తుంది. మా తరానికి అది గ్రే వీధి. మసీదు దాటి, మదరసా ఆర్కేడు దాటి, చీరల కొట్ల నడుమ ఇరుకైన ద్వారము ఒకటి ఉండేది. బయట నుండి చూస్తే పుస్తకాల దుకాణమని ఎవరును అనుకోరు. ముందు అగరువత్తులు, కర్పూరము, ఇత్తడి దీపపు కుందులు, పెండ్లి శుభలేఖల నమూనాలు, దేవుళ్ళ పటములు. పుస్తకాలు లోపల. "దీపాలు అమ్మి పుస్తకాలను పోషిస్తున్నాను" అని యజమాని నవ్వుచు చెప్పేవారు. అది పరిహాసము కాదు, నిజమైన లెక్క.

లోపలి గోడకు తమిళ పుస్తకాలు నిలువెల్లా ఉండేవి. హిందీ, గుజరాతీ, ఉర్దూ ప్రక్క గోడకు. మన తెలుగువి ఒక్క అర. క్రింద నుండి మూడవది, పంచాంగముల ప్రక్కన. మూడు మూరల పొడవు ఉంటుందేమో. దక్షిణాఫ్రికాలో తెలుగు అక్షరములను, ఎవరి అనుమతీ అడగకుండ, చేతితో తీసి చూచి, వెల అడిగి, కొనుక్కొని ఇంటికి తీసికొని పోగలిగిన చోటు మేమెరిగినంతలో అదొక్కటే. గుడిలో తెలుగు వినవచ్చును. పెండ్లిలో వినవచ్చును. ఇంటిలో అవ్వ ఉంటే అవ్వ నోట వినవచ్చును. కాని తెలుగును కండ్లతో చూడవలెనంటే ఆ అర దగ్గరికే పోవలెను.

యజమాని తెలుగువారు కారు. తమిళులు. ఆయన తండ్రి 1930ల చివరలో ఆ కొట్టు పెట్టినారట. మేము ఆయనను మామా అని పిలిచేవాళ్ళము, ఆయన మమ్ములను జుట్టు నెరసినాక కూడ తంబీ అనేవారు. ఆయనకు తెలుగు ఎలా వచ్చినదో ఒకసారి చెప్పినారు. చిన్నతనములో తండ్రి తెలుగు పుస్తకాలను అరలో సర్దమంటే, ఏది తల, ఏది క్రిందు అని తెలియక కొన్నిటిని తలక్రిందులుగా పెట్టేవారట. ఒక ముసలి తెలుగు ఆమె అది చూచి, "అబ్బాయీ, తలకట్టు ఎటున్నదో అటు పైకి" అని నేర్పినదట. అక్కడ నుండి మొదలుపెట్టి, కొనేవారిని అడిగి అడిగి, అక్షరాలన్నీ పట్టినారు. చివరకు మా విద్యార్థులకంటె ఆయనే వేగంగా పేర్లు చదివేవారు. బండి-ర మాత్రం చివరి వరకు ఆయనకు కుదరలేదు. 'ఱంపము' అన్న మాట చూస్తే ప్రక్కవాళ్ళకు చూపించి ఊరుకొనేవారు.

ఈ దేశమునకు తెలుగు పుస్తకము ఎట్లు వచ్చినది అన్న ప్రశ్నకు జవాబు పెట్టెలలో ఉన్నది. మా తాత చిత్తూరు ప్రాంతము నుండి వచ్చి టోంగాటు చెరకు తోటలో పని చేసినారు. ఆయన రేకు పెట్టెలో రెండు పంచెలు, ఒక కంచు చెంబు, ఒక పెద్దబాలశిక్ష ఉండినవని మా నాయన చెప్పేవారు. తాతకు సరిగ్గా చదువ రాదు. అయినను తెచ్చుకొన్నారు. ఎందుకు తెచ్చుకొన్నారో మేము చాల కాలము ఆలోచించినాము. బిడ్డలు పుడతారని, వారికి కావలెనని అయి ఉండవచ్చును. రాత్రిపూట బారకాసులో కిరసనాయిలు దీపము పెట్టి, అక్షరము వచ్చిన ఒక్కడు చదువుచుంటే చుట్టూ కూర్చుని వినేవారట. ఆ పుస్తకము చెదలకు పోయినది. అట్ట మీది పేరు మాత్రము నాయనకు గుర్తున్నది. "వావిళ్ల" అని.

వావిళ్ల వారిని గూర్చి మన పిల్లలు తెలుసుకోవలెను. వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు 1854లో మదరాసులో ముద్రణాలయము స్థాపించినారు. ఆయన కుమారులు వేంకటేశ్వరశాస్త్రులవారు దానిని పెంచి, సంస్కృతాంధ్ర గ్రంథములను వందల సంఖ్యలో అచ్చువేసినారు. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారు వ్రాసిన బాలశిక్ష పెరిగి పెద్దబాలశిక్షగా మారి, వావిళ్లవారి చేతి మీదుగా ఇంటింటికి పోయినది. తెలుగునాట ఆ పుస్తకముతో అక్షరాభ్యాసము చేసికొన్నవారు ఎందరో. సముద్రము దాటిన మనకు అది అక్షరాభ్యాసమే కాదు, నెలల పేర్లు, నక్షత్రముల పేర్లు, వావివరుసల పేర్లు, అన్నిటికి అదే దిక్కు. 'మేనత్త' అనవలెనా 'అత్త' అనవలెనా అని ఇంట్లో తగవు వస్తే మా నాయన దుకాణానికి పోయి అరలోని ప్రతిని నిలబడి చూచి వచ్చేవారు. మామ ఏమీ అనేవారు కాదు. కొనకుండ చదివేవారి కోసం ఒక స్టూలు కూడ వేసినారు.

ఆ స్టూలు కథ వేరే ఉన్నది. మా సాయంకాలపు తరగతి గురువుగారు శనివారం మధ్యాహ్నము దాని మీద కూర్చునేవారు. ఉత్తరములు చదివి పెట్టడానికి. విశాఖపట్నము జిల్లా నుండో, చిత్తూరు నుండో ఎప్పుడైనా ఒక ఉత్తరము వస్తుంది. చిన్నవాళ్ళకు చదువ రాదు, చదివే పెద్దలు పోయినారు. ఉత్తరము పట్టుకొని దుకాణానికి వచ్చేవారు. గురువుగారు మెల్లగా చదివి, ఇంగ్లీషులో అర్థము చెప్పి, జవాబు కూడ వ్రాసి పెట్టేవారు. మేము పదేళ్ళ పిల్లలము, ప్రక్కన నిలబడి వినేవాళ్ళము. పొలము పంచుకొన్నామని, ఒక సంతకము పంపమని ఒక ఉత్తరము. తల్లి పోయి ఏడు నెలలైనదని ఇంకొకటి. అది విన్న ఆయన, అగరువత్తుల ప్రక్కన, ఏమీ అనకుండా, టోపీ తీసి చేత పట్టుకొని నిలబడినాడు. మామ లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చినారు.

1929 నుండి 1932 వరకు ఇండియా ప్రభుత్వ ఏజెంటుగా ఇక్కడ ఉన్నవారు మన తెలుగువారే, కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారు. ఆ రోజులలోనే, 1931లో, ఆంధ్ర మహాసభ ఏర్పడినది. గుళ్ళ వెనుక, ఇళ్ళ వసారాలలో తెలుగు తరగతులు మొదలైనవి. తరగతులు పెట్టినవారికి పలకలు దొరికినవి, బలపములు దొరికినవి. పుస్తకములు తెప్పించవలసి వచ్చినది. మామగారి తండ్రి మదరాసుకు ఉత్తరము వ్రాసి తెలుగు పుస్తకములు మొదటిసారి తెప్పించినది మనవారు వచ్చి అడిగినందువల్లనే. ఆయన లెక్కల పుస్తకములో మొదటి తెలుగు పద్దు ఏమిటో మేము తరువాత చూచినాము. బాలశిక్షలు, వేమన పద్యములు, సుమతీ శతకము, రామదాసు కీర్తనలు.

తరువాత దారి మూతబడినది. ఇక్కడి ప్రభుత్వము మన భూములపై, వర్తకముపై చట్టములు చేయుచుండగా, 1946లో ఇండియా ప్రభుత్వము దక్షిణాఫ్రికాతో వ్యాపారము నిషేధించినది. ప్రపంచములో మొట్టమొదట అట్లు చేసిన దేశము ఇండియానే. న్యాయమైన పని. మన పెద్దలు దానిని మెచ్చుకొన్నారు, మేమును మెచ్చుకొంటాము. కాని న్యాయమైన పనికి కూడ ఒక వెల ఉంటుంది. ఆ వెలలో కొంత ఆ మూడు మూరల అర చెల్లించినది. ఆ నిషేధము 1993 వరకు, నలుబది ఏడేండ్లు, నిలిచినది.

ఒక్కటి తలచుకొంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యము. 'చందమామ' పత్రిక మదరాసులో 1947 జూలైలో పుట్టినది, నాగిరెడ్డి, చక్రపాణి గారల చేతుల మీద. అంటే మన పిల్లలకు చందమామ పుట్టక మునుపే దారి మూసి ఉన్నది. అయినను మేము చిన్నతనములో చందమామ చూచినాము! కొత్తవి కావు. ఏడాది, రెండేండ్ల పాతవి, అట్టలు నలిగినవి. 'కరంజా' అనే ఓడ బొంబాయికిని డర్బనుకును నడుమ, ఆఫ్రికా తూర్పు తీరము వెంట, 1970ల నడుమ వరకు ప్రయాణికులను మోసేది. అందులో పోయి వచ్చేవారిని మామ ముందుగా పట్టుకొనేవారు. "మీ పెట్టెలో ఒక మూల నాకు ఇవ్వండి" అని. సరుకుగా రానిది చీరల మడతలలో వచ్చినది. ఎవరి చీరెల నడుమ ఏ పుస్తకము వచ్చినదో ఆయనకు గుర్తు. భాగవతము ఒకటి పసుపు మరకతో వచ్చినది, దానిని ఎవరును కొనలేదు, మా అవ్వ మాత్రము శుభమని కొన్నది.

ఇక సుంకపు వారి సంగతి. 1963లో ఇక్కడ ప్రచురణల చట్టము వచ్చినది. ఏది చదువవచ్చునో, ఏది చదువరాదో ఒక మండలి నిర్ణయించేది. నిషిద్ధ గ్రంథముల పట్టిక ఏటేట లావెక్కేది. తెలుగు పుస్తకము రేవులో పట్టుబడితే దానిలో ఏమున్నదో చదివి చెప్పగల అధికారి ఎవరున్నారు? ఒకసారి ఎవరో తెచ్చిన చిన్న కట్టను ఆపి, మామను పిలిచి, ఇది ఏమి భాష, ఏమి విషయము అని అడిగినారట. ఆయన మా గురువుగారిని వెంట తీసికొని పోయినారు. గురువుగారు ఒక్కొక్క పుస్తకమునకు ఇంగ్లీషులో ఒక వాక్యము వ్రాసి సంతకము చేసినారు. "ఇది దేవుని పాటల పుస్తకము. ఇది నీతి పద్యముల పుస్తకము. ఇది పిల్లల లెక్కల పుస్తకము." ఆ కట్టలోని నవలకు ఏమి వ్రాసినారని మేము అడిగితే గురువుగారు చెప్పలేదు.

ఆ సందర్భములోనే ఆయన మాకు రాధికాసాంత్వనము కథ చెప్పినారు. తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి వ్రాసిన కావ్యము. బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని శ్రద్ధగా పరిష్కరించగా 1910లో వావిళ్లవారు అచ్చువేసినారు. ప్రభుత్వము అశ్లీలమని నిషేధించినది. వావిళ్ల వేంకటేశ్వరశాస్త్రులవారు దశాబ్దముల పాటు ఊరుకోలేదు. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానిగా ఉండగా నిషేధము తొలగినది. 1952లో తిరిగి అచ్చయినది. అచ్చువేసినవాడు, అమ్మినవాడు, కొని దాచినవాడు లేకుంటే ఆ కావ్యము ఏమై ఉండేదో అని గురువుగారు అనేవారు. మాకు అప్పుడు పదహారేండ్లు. కావ్యము సంగతి అర్థము కాలేదు. ప్రభుత్వములు పుస్తకమునకు భయపడతాయి అన్నది మాత్రము బాగా అర్థమైనది, ఎందుకంటే మేమున్నది డర్బనులో.

దుకాణానికి మరొక దెబ్బ ఊరు మారడము. 1950 నాటి గ్రూపు ఏరియాల చట్టముతో మన కుటుంబములను ఊరి నడుమ నుండి, నదుల ఒడ్డుల నుండి లేపి చాట్స్‌వర్తుకు, తరువాత ఫీనిక్సుకు పంపినారు. నడిచి పోయే దుకాణము బస్సెక్కి పోయే దుకాణమైనది. 1973 మార్చిలో విక్టోరియా వీధి భారతీయుల మార్కెట్టు కాలిపోయినది. పది దినముల పాటు ఆ ప్రాంతమంతా పొగ వాసన వదలలేదు. మామ పుస్తకములను రోడ్డు మీదికి తెచ్చి ఎండబెట్టినారు. మేము ఐదారుగురు పిల్లలము వాటిని కాపలా కాచినాము. అందుకు కూలిగా తలకొక చందమామ ఇచ్చినారు. మా చదువు అంతా ఆ పొగ వాసన పుస్తకముతోనే గట్టిపడినదని చెప్పవచ్చును.

మంచి రోజులును వచ్చినవి. 1980ల నడుమలో మన బడులలో భారతీయ భాషలు పాఠ్యాంశములైనవి. వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయములో తెలుగు చెప్పేవారు. ఆ ఐదారేండ్లు మామ ముఖము వెలిగేది. బ్రౌను నిఘంటువు తిరిగి అచ్చయి వచ్చినది. శంకరనారాయణ నిఘంటువు కోసం ముందుగా పేరు వ్రాయించుకోవలసి వచ్చేది. 1993లో వ్యాపార నిషేధము తొలగినది. 1996 నాటి మన రాజ్యాంగమును తెరిచి ఆరవ విభాగము చూడండి: గౌరవించి పెంపొందించవలసిన భాషలలో తమిళము ప్రక్కన, హిందీ ప్రక్కన, తెలుగు అని పేరు పెట్టి వ్రాసినారు. మాకు తెలిసినంతలో ఇండియా వెలుపల ఇంత స్పష్టముగా తెలుగును పేర్కొన్న రాజ్యాంగము లేదు. ఆ రోజు మేము తరగతిలో మిఠాయి పంచినాము. మామ ఆ పుటను కత్తిరించి తెలుగు అర పైన అంటించినారు.

అప్పటి నుండే ఆ అర పలుచబడడము మొదలైనది. ఇది మాకు ఎంతకాలమో మింగుడుపడలేదు. దారి మూసి ఉన్నన్నాళ్ళు చీరెల మడతలలో దాచి తెచ్చుకొన్నాము. దారి తెరిచినాక ఎవరికి వారు విమానమెక్కి హైదరాబాదు పోయి, చీరెలు తెచ్చుకొన్నారు, పుస్తకములు వదిలి వచ్చినారు. తరువాత టెలివిజనులో తెలుగు సినిమాలు వచ్చినవి. క్రింద ఇంగ్లీషు అక్షరములు వస్తుంటే పై మాట అర్థము చేసికొనే పని లేకపోయినది. చందమామ కూడ 2013 నాటికి ఆగిపోయినది. పంచాంగము ఫోనులోనికి వచ్చినది. 2004లో విశ్వవిద్యాలయములు కలిసిపోయినవి. వీటిలో ఏ ఒక్కదానినీ తప్పు పట్టలేము. అద్దె పెరుగుచుండెను, కొనేవారు తగ్గుచుండిరి, మామకు ఎనుబదేండ్లు దగ్గర పడుచుండెను. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చి, ఆహారము, మందులు వంటివి తప్ప తక్కిన దుకాణములన్నీ మూయించినారు. తిరిగి తెరిచిన తరువాత మామ రాలేదు. కుమార్తె వచ్చి కూర్చున్నది. డిశంబరులో చాలించుకొన్నారు.

ఇట్టి దుకాణములు మూతబడడము ఒక్క డర్బనులోనే కాదు. బొంబాయిలో 1948లో పెట్టిన స్ట్రాండు బుక్ స్టాలు 2018లో మూసినారు. బెంగుళూరులో 1971 నాటి ప్రీమియర్ బుక్‌షాపు 2009లో మూసినారు. వాటి కోసం ఊరు ఊరంతా దుఃఖించినది, పత్రికలు వ్రాసినవి. కాని ఆ ఊళ్ళలో ఇంకొక దుకాణము ఉన్నది. మనకు ఉన్నది ఆ అర ఒక్కటే.

దుకాణము మూస్తున్నారని తెలిసిన వారములో మన సంఘము వారు ఎందరో ఫోను చేసినారు. ఎంత అన్యాయము, ఎంత నష్టము, మన సంస్కృతి ఏమి కావలెను అని. మేమును అట్లే అన్నాము. అప్పుడు మామ కుమార్తె మమ్ములను ఒక ప్రక్కకు పిలిచి లెక్కల పుస్తకము తెరిచినది. 'తెలుగు' అని తలపెట్టిన పుటలు వేరుగా ఉన్నవి. మొదట మామగారి తండ్రి చేతివ్రాత, షిల్లింగులు, పెన్సులు. 1961 నుండి ర్యాండులు. తరువాత మామ చేతివ్రాత. ఒక్కొక్క సంవత్సరము ఎన్నెన్ని పుటలు! తరువాత ఒక్క పుట. తరువాత సగము. చివరి పద్దు ఒక పంచాంగము, కొన్నవారు మన వారు కారు, తమిళ పురోహితుడు. మా పేరు ఎక్కడ ఉన్నదా అని వేలు పెట్టి వెదికినాము. దొరికినది. మేము చివరిసారి తెలుగు పుస్తకము కొన్నది 2003లో. పదునేడేండ్లు మేము ఆ దుకాణానికి పోయి, స్టూలు మీద కూర్చుని, టీ త్రాగి, క్రికెట్టు మాట్లాడి, అగరువత్తుల కట్ట కొనుక్కొని వచ్చినాము. తెలుగు గురించి ఉపన్యసించినాము కూడ. ఆ అర నుండి ఒక్కటి తీయలేదు. మాకు కావలసినవి అన్నీ ఇంట్లో ఉన్నవి గదా అనుకొన్నాము.

ఆమె మమ్ములను నిందించలేదు. లెక్క చూపించినది, అంతే. పుస్తకము మూసి, "మీది ఇంకొకటి ఉన్నది టీచరుగారూ" అని లోపలి గదిలోనికి పోయినది. తెచ్చినది ఒక పొట్లము. గోధుమరంగు కాగితము, జనపతాడు. దాని మీద మా పేరు మామ చేతివ్రాతలో, తెలుగులో, తలకట్లు నిటారుగా పెట్టి వ్రాసి ఉన్నది.

మాకు వెంటనే గుర్తుకు వచ్చినది. 1996లో, ఆ మిఠాయి పంచిన ఏట, మా సాయంకాలపు తరగతికి పన్నెండు పెద్దబాలశిక్షలు కావలెనని చెప్పినాము. వచ్చేసరికి తరగతిలో నలుగురే మిగిలినారు. కొందరికి ఇంగ్లీషు ట్యూషను, కొందరికి సంగీతము, కొందరికి బస్సు లేదు. పన్నెండింటికి డబ్బు కట్టలేక కాదు, నలుగురే ఉన్నారని చెప్పడానికి నామోషీ. వచ్చే నెల తీసికొంటామని చెప్పినాము. తరువాత మేము అడగలేదు, ఆయన గుర్తు చేయలేదు. పన్నెండింటి సొమ్మును మదరాసు వారికి తన చేతి నుండి కట్టినారు. ఇరువది నాలుగేండ్లు ప్రతి వారము ఆయన ఎదుట కూర్చున్నాము. ఒక్కసారి అయినను ఆ పొట్లము మాట ఎత్తలేదు.

వెల ఎంత అని అడిగినాము. ఆమె తీసికోలేదు. "నాయన రద్దు చేసినారు, పద్దు కొట్టివేసి ఉన్నది" అని చూపించినది. నిజమే, ఎర్ర సిరాతో ఒక గీత. అరలో మిగిలినవి నలుబది ఒక్క పుస్తకములు, వాటికి మాత్రము వెల కట్టి తీసికొన్నాము. రాజ్యాంగపు పుట గోడకు అంటుకొని పోయి ఊడి రాలేదు. స్టూలు కూడ అడిగినాము. అది తనకు కావలెనని ఆమె అన్నది.

మామ 2021లో కాలము చేసినారు. అప్పుడు ఎక్కువ మందిని పోనిచ్చే రోజులు కావు, ఇంట్లో నుండే నమస్కరించినాము.

పొట్లము విప్పడానికి మాకు చాల రోజులు పట్టినది. పదకొండు ప్రతులు బాగున్నవి, ఒకదానికి అంచున చెద. ప్రతి పుస్తకము లోపలి అట్ట మీద పెన్సిలుతో వెల, క్రింద చిన్నగా 'తరగతి' అని వ్రాసి ఉన్నది. చాట్స్‌వర్తులో శనివారము మధ్యాహ్నము మళ్ళీ తరగతి పెట్టినాము. ఇప్పటికి ఏడుగురు వచ్చుచున్నారు, వారిలో ఇద్దరు తాతలు, ఒకరు తమిళుల అమ్మాయి. పుస్తకములు ఐదు మిగిలి ఉన్నవి. కావలసినవారు మూడు గంటలకు రావచ్చును, డబ్బు ఇవ్వనక్కరలేదు. పెన్సిలుతో వ్రాసిన వెలను మాత్రము చెరపవద్దని పిల్లలకు చెప్పినాము.